ఓడపట్టికలలోని యూరిపేళ్లు: పాఠవిమర్శ

ప్రాచీనకావ్యముల పాఠములను నిర్ణయించుటలో మన పండితులు చూపిన శ్రద్ధ కొనియాడదగినది. ఒక పద్యమునకు నాలుగు ప్రతులయందు నాలుగు పాఠములున్నచో, లేఖకప్రమాదమేది, కర్తృపాఠమేది యని వారు ఛందోవ్యాకరణములచేతను ప్రకరణముచేతను విచారింతురు. ఆ శ్రద్ధకు పాత్రమైన గ్రంథము మరియొకటి కలదు. అది కావ్యము కాదు. కూలిపనికై సముద్రము దాటిన మనవారి పేళ్లు వ్రాసిన ఓడపట్టిక. దానిని పాఠవిమర్శకు లోబడు గ్రంథముగా నెంచి చదువవలెననియు, అట్లు చదువనిచో పరాయివాని తాతను మనతాతగా నెంచుకొను ప్రమాదము గలదనియు చూపుటయే యీ వ్యాసోద్దేశము.

ఈ గ్రంథము మిక్కిలి విస్తృతమైనది. 1834 నుండి 1910 వరకు మారిషసుదీవికి సుమారు 4,50,000 మందియు, 1860 నుండి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాలునకు సుమారు 1,52,000 మందియు, 1879 నుండి 1916 వరకు ఫిజీదీవులకు 60,000 మందికి పైగాను మన దేశీయులు ఒడంబడికకూలీలుగా వెళ్లిరి. వారిలో తెలుగువారును పెక్కురు. నేటాలునకు మొదటి కూలీలను గొనిపోయిన ట్రూరో యను ఓడ చెన్నపట్టణమునుండియే బయలుదేరి 1860 నవంబరు 16వ తేదీన డర్బను చేరెను. ఫిజీకి చెన్నపట్టణపు టోడలు 1903లో మొదలైనవి. పత్రములయందు ఒక్కొక్క కూలీకి సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, శరీరముమీది గుర్తులు మున్నగునవి వ్రాయుచుండిరి. మారిషసుపత్రములు మోకాలోని మహాత్మాగాంధీసంస్థయందును, ఫిజీపత్రములు సువాలోని జాతీయపత్రాగారమునందును నేడు భద్రముగా నున్నవి. వలసపోయినవారి మునిమనుమలు వాని నకళ్లు చేతబట్టుకొని పూర్వగ్రామములను వెదకుచున్నారు.

ఇందలి దోషములు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది లిపిదోషము. అనంతపురమండలమందలి బెళుగుప్పను ఉదాహరణముగా గైకొందము. ఈ యూరివాడొక్కడు ఓడ యెక్కెననుకొనుడు. వాడు నోట చెప్పును. లేఖకుడు తన చెవికి తోచినట్లు ఇంగ్లీషున వ్రాయును. ద్వీపమున మరియొకడు దానికి ప్రతి వ్రాయును. ఇంగ్లీషులిపికి లకారళకారభేదము లేదు. ద్విత్వాక్షరము ఒంటియక్షరముగా మిగులుటయు సులభము. లేఖకుడు తమిళుడైనచో వాని లిపియందు కకారగకారములకును పకారబకారములకును వేర్వేరక్షరములు లేవు. కాన ఆ పేరు బెలుగుప, బెల్లుకుప్ప, పెలకుప్ప యను రూపములలో దేనినైనను పొందవచ్చును. పరిష్కర్త యిట్టి రూపములను ముందుగా నూహించి వెదకవలెను. సరియైన వర్ణక్రమమునే వెదకువానికి, వాక్యము కన్నులయెదుట నున్నను కానరాదు. పైగా నీ సీమ కన్నడదేశపు పొలిమేర. తెలుగున రాయదుర్గమైనది కన్నడమున రాయదుర్గ యగును. చెప్పినవాని భాషయేదో గూడ విచారణీయమే.

రెండవది దేశవిభాగదోషము. అనంతపురమండలము 1882లో బళ్లారిమండలమునుండి విడదీయబడెను. కావున అంతకు పూర్వము వెళ్లిన బెళుగుప్పవాని జిల్లా బళ్లారి యని యుండుట న్యాయము. ఈ సీమను మాడ్చివేసిన 1876–78 సంవత్సరముల మహాక్షామము ఆ కాలమునకు లోపలిదే. నేటి పటమునే యెఱిగిన మునిమనుమడు బళ్లారి యను మాటను చూచి కర్ణాటకరాష్ట్రమున మాత్రమే వెదకి విసిగి మరలును. కదిరి విషయము మరియు చిక్కు: 1910 వరకు కడపజిల్లా, పిదప అనంతపురము, 2022 నుండి శ్రీసత్యసాయిజిల్లా. ఊరు కదలలేదు, జిల్లాయే రెండుమారులు మారినది. పత్రముయొక్క సంవత్సరమును చూడక జిల్లాపేరును చదువుట, ప్రకరణమును విడిచి పదమునకర్థము చెప్పుటయే.

మూడవది నామదోషము. మన యింటిపేరు పేరునకు ముందు నిలుచును. పట్టికయందు దానికి వేరుగా గడి లేదు. అందువలన కూలీపేరో, తండ్రిపేరో, కులబిరుదమో సంతతికి కుటుంబనామమయ్యెను. నాయుడు అను గౌరవపదము, తుది నుకారము రెండు ఓ అక్షరములతో వ్రాయబడి, దక్షిణాఫ్రికాలో నెన్నో కుటుంబములకు స్థిరనామమై నిలిచినది. ఇట్టి నామసామ్యముచే బంధుత్వమును నిర్ణయించుట, మకుటము కనబడినంతనే పద్యము వేమనదే యనుటవంటిది. కులపు గడియందలి మాటలకును వ్యాఖ్యానము కావలెను. చెన్నపట్టణపు పాతపత్రములలో జెంటూ యనగా తెలుగువాడు. మలబారు యనగా పెక్కుచోట్ల తమిళుడే కాని మలయాళదేశస్థుడు కాడు.

ఇట్టి చిక్కు మనకొక్కరికే కాదు. ఐర్లండున 1845లో నారంభించిన క్షామముచే లక్షలజనులు సముద్రము దాటిరి. 1922 జూను 30వ తేదీన డబ్లినులోని రాజపత్రాగారము అంతర్యుద్ధమున దగ్ధమైనందున, 1821–51 నడిమి జనగణనపత్రములు చాలవరకు నశించెను. 1847–64 నడుమ పన్నులకై ముద్రింపబడిన గ్రిఫిత్ మదింపుపట్టిక వారికి నేడు ముఖ్యశరణ్యము. ఐనను వారికొక భాగ్యము గలదు. 1830 మొదలు సర్వేశాఖయందు పనిచేసిన జాన్ ఓడానవన్ అను పండితుడు ఊరూర తిరిగి, స్థానికులు పలుకు రూపములను విని, ప్రాచీనగ్రంథములతో సరిపోల్చి గ్రామనామములను పరిశోధించెను. పత్రములు కాలినను పేళ్ల పరిశోధన మిగిలినది.

మనకును సాధనములు లేకపోలేదు. 1800 నుండి 1807 వరకు దత్తమండలముల ప్రధానకలెక్టరైన థామస్ మన్రో చేయించిన భూమికొలతలెక్కలు, కర్నల్ మెకంజీ సమకూర్పించిన కైఫీయతులు, ఇనాముపత్రములు, శాసనములు ఊరిపేరుయొక్క పూర్వరూపమును తెలుపగలవు. కాని వీనియందు భూమిగలవాని పేరుండునే గాని కూలివాని పేరుండుట యరుదు. కాన నివి యూరిని నిర్ణయించును, మనిషిని నిర్ణయింపజాలవు. మనిషిని నిర్ణయించుటకు ఇంటిపేరు, గోత్రము, కులదైవము, ఇంట వాడు మాండలికపదములు కావలెను. వీనిలో కొన్ని వలసవారి యిండ్లయందును కొన్ని మన గ్రామవృద్ధుల నోళ్లయందును మిగిలియుండవచ్చును.

"దూరదేశమునుండి వచ్చినవాడు ఏదో యొక యూరి మన్ను కన్నులకద్దుకొని సంతోషించినచో, మీ విమర్శతో నేమి పని?" యని కొందరనవచ్చును. వాని సంతోషము గౌరవింపదగినదే. కాని యొకసారి యచ్చుపడిన యపపాఠము తరువాతి ముద్రణములన్నిటను పాకినట్లు, తప్పుగా చూపిన యూరు వాని బిడ్డలకును బిడ్డల బిడ్డలకును వంశచరిత్రయగును. అంతకన్న ఘోరమేమనగా, మరియొక యూర నొక యింటివారు, తమవాడొకడు కరువులో వెళ్లి తిరిగి రాలేదని చెప్పుకొనుచు నుండవచ్చును. వచ్చినవానిని మనము వేఱొక గుమ్మమున నిలిపినచో వారి నిరీక్షణమును వమ్ము చేసినవారమగుదుము.

కావున ఊరిరూపము, సంవత్సరమునకు తగిన జిల్లా, కుటుంబసంప్రదాయము అను మూడు సాక్ష్యములలో రెండైన నొండొంటితో కలియనిదే గ్రామనిర్ణయము చేయరాదు. కలియనిచో సందిగ్ధమనియే వ్రాయవలెను. సందిగ్ధపాఠమునకు చిహ్నమునుంచుట పరిష్కర్తకు చిన్నతనము కాదు.

బెళుగుప్పప్రాంతపు ఉపాధ్యాయపండితులకు నా విన్నపమొకటి. తమ గ్రామమునకు చేరిన మజరాలు, జనులు విడిచిపోయిన బేచిరాకు గ్రామములు, వాని వ్యవహారనామములు, ఇంటిపేళ్లు, కులదైవములు, ఇవి వృద్ధులు పలికిన రూపమున నొక పుస్తకమున వ్రాసియుంచవలెను. చెప్పినవారి వయస్సును, చెప్పిన తేదీని తప్పక చేర్పవలెను. ఓడపట్టిక యొక్క ప్రతి. ఊరివారి వాక్కు రెండవ ప్రతి. మొదటిది ద్వీపముల పత్రాగారములలో భద్రముగా నున్నది. రెండవది యింకను వ్రాతకెక్కలేదు.