ట్యాగులు ఎక్కువ, బొమ్మ తక్కువ

మా ఊరు కోవిల్‌పట్టి. మా బావ విరుదునగర్‌లో ఉంటాడు. పోయిన సెలవుల్లో రెండు రాత్రులు నిద్ర మానుకొని ఫోనులోనే ఒక ఎడిట్ చేశాడు. నరుటో చేతులు వెనక్కి చాచి పరిగెత్తే ముక్కలు, వెనక ఒక తమిళ సినిమా పాట. ఇరవై సెకన్లే. అయినా ప్రతి అడుగూ తాళానికి సరిగ్గా పడింది.

కానీ కింద పెట్టిన ట్యాగులు చూడండి: విజయ్, అజిత్, ధోనీ, జల్లికట్టు, వడివేలు! వీళ్లెవరూ ఆ వీడియోలో లేరు. “ఏమి బావా ఇది?” అని అడిగితే, “ఎవురు ఏది ఎతికినా నాది వచ్చి నిలవాలప్పా” అన్నాడు.

ఇట్లాంటి ఎడిట్లు కొత్తవి కావు. 1982లోనే అమెరికాలో జిమ్ కపోస్టాస్ అనే యువకుడు రెండు వీసీఆర్‌లు కలిపి, ‘స్టార్ బ్లేజర్స్’ యుద్ధ దృశ్యాలకు బీటిల్స్ ప్రేమ పాట అతికించాడు. అప్పుడు ట్యాగులు లేవు. యుద్ధానికి ప్రేమ పాట పెట్టడమే అందులోని నవ్వు.

మరి ట్యాగే నవ్వు కావడం ఎట్లా? 2019 మే నెలలో ఫేస్‌బుక్‌లో ఒక పేజీవాళ్లు సుత్తి బొమ్మ పెట్టి, మీ దేశంలో దీన్ని ఏమంటారని అడిగారు. ఒక తమిళుడు పేరు చెప్పి, ఇది కాంట్రాక్టర్ నేసమణి తలమీద పడిందని రాశాడు. నేసమణి అంటే 2001లో వచ్చిన తమిళ ‘ఫ్రెండ్స్’ సినిమాలో వడివేలు పాత్ర. ఆయన కోసం ప్రార్థించండి అనే ట్యాగు ట్విట్టర్‌లో మార్మోగింది. ఇంగ్లీషులో ఆ పేరు అక్షరాలు తప్పుగా పడినా అందరూ ఆ తప్పునే రాశారు. సినిమా తెలిసినవాళ్లంతా కలిసి నవ్వారు కాబట్టి ఆ ట్యాగు బతికింది.

బావ ట్యాగులూ నవ్వు అయ్యాయి, కానీ వేరేగా. మా తరగతిలో ఎవరైనా సంబంధం లేని జవాబు చెబితే “నరుటో జల్లికట్టు!” అని అరుస్తున్నారు. ఆ మాట అందరికీ తెలుసు. ఎడిట్ చూసినవాళ్లు మాత్రం నలుగురు. అదే నాకు బాధ. బావ పనిని బావ ట్యాగులే మింగేశాయి.

మా ఊరి కడలై మిఠాయికి 2020లో జీఐ ట్యాగు వచ్చింది. ఇది ఇక్కడి సరుకే అని ఆ ట్యాగు చెబుతుంది. డబ్బాలో ఉన్నదే పైన రాసి ఉంటుంది. వీడియోకీ అంతే కావాలి.

ఇంకొకటి. అన్ని ట్యాగులు పెట్టిన బావ ‘తెలుగు’ అని ఒక్కటీ పెట్టలేదు. ఇంట్లో మేం మాట్లాడేది అదే కదా! ఆ మాట చెప్తే కాసేపు ఊరకున్నాడు. కొత్త ఎడిట్‌కి మూడే ట్యాగులు పెట్టాడు: నరుటో, విరుదునగర్, తెలుగు. చూసినవాళ్లు తక్కువే. కానీ వాళ్లలో ఒకరు, “ఆ రెండో కోత ఎట్లా చేసినావన్నా?” అని తెలుగులో అడిగారు.