తోకను బట్టి గద్ద, గరుడ

రంగు చూసి పోల్చుకోవడం పక్షులను గుర్తుపట్టే విద్యలో తొలి మెట్టే అయినా, అక్కడే ఆగినవారిని దగ్గరి బంధువులైన రెండు జాతులు తప్పక తికమక పెడతాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో అటువంటి జంట గద్ద, గరుడ పక్షి. తెలుగువారు విష్ణువాహనమని చేతులు జోడించే గరుడ పక్షినే అక్కడి బెంగాలీలు శంఖచిల్ అంటారు.

ఈ రెండింటికీ శాస్త్రీయ జాతినామాలు పెట్టినవాడు డచ్చి ప్రకృతి శాస్త్రవేత్త పీటర్ బోడార్ట్. అది 1783 నాటి మాట. ఇప్పుడు గద్దను మిల్వస్ ప్రజాతిలో, అంటే సన్నిహిత జాతులను చేర్చి చెప్పే వర్గంలో, గరుడ పక్షిని హేలియాస్టర్ ప్రజాతిలో ఉంచుతున్నారు. గద్ద మనుషుల వెంట, మాంసం వ్యర్థాల వెంట తిరుగుతుంది కనుక బజార్ల మీద, రైలు పట్టాల మీద అదే కనబడుతుంది. చేపలు, పీతలు ఇష్టపడే గరుడ పక్షిని వెతకాలంటే ఖరగ్‌పూర్‌కూ మేదినీపూర్‌కూ నడుమ పారే కంసావతి వైపు, లేదా దిఘా సముద్రతీరానికి వెళ్లడం మేలు.

ఎదిగిన గరుడ పక్షికి తల, రొమ్ము తెల్లగా, వీపు, రెక్కలు ఇటుక రంగులో ఉంటాయి కనుక చిక్కు లేదు. అసలు పరీక్ష లేత పక్షితోనే. ఒళ్లంతా గోధుమ రంగులో ఉండే ఆ పిల్లను చాలామంది గద్దగానే లెక్కేస్తారు. అప్పుడు చూడవలసింది తోకను: గద్ద తోక చివర చీలి ఉంటుంది, దాన్ని చుక్కానిలా అటూ ఇటూ తిప్పుతూ ఎగురుతుంది, గరుడ తోక పొట్టిగా, అంచు గుండ్రంగా ఉంటుంది. అయితే గద్ద తోకను పూర్తిగా విప్పినప్పుడు ఆ చీలిక దాదాపు మాయమవుతుంది, కాబట్టి ఒక్క చూపుతో తీర్పు చెప్పడం తొందరపాటే.

ఇతర పక్షుల నోటి ఆహారాన్ని లాక్కునే స్కువాలనే సముద్ర పక్షులలో ఈ కష్టం మరింత ఎక్కువ. అంటార్కిటికా ద్వీపకల్పంలో గోధుమ స్కువా, దక్షిణ ధ్రువ స్కువా జతకట్టి సంకర సంతానాన్ని కంటాయి. ఖరగ్‌పూర్ వాసులకు అంత చిక్కు లేదు. కంసావతి ఒడ్డున గరుడ పక్షిని చూసినవారు తేదీతో పాటు అది లేతదా, ఎదిగినదా అన్నది కూడా రాసిపెట్టాలి. లేత పక్షి కనబడటం ఆ దాపుల్లో గూడు ఉండి ఉండవచ్చనడానికి ఆనవాలు.