ఆ ‘హిజ్’ ఎవరిది?

మా మేనకోడలు బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. మొన్న ఆదివారం ‘స్పాటింగ్ ఎర్రర్స్’ కాగితం నా ముందు పడేసి, ‘మామయ్యా, ఇందులో తప్పేముంది?’ అంది. ‘ఈచ్ ఆఫ్ ది గర్ల్స్ హావ్ బ్రాట్ దెయిర్ టిఫిన్.’ చెవికి ఏమీ తేడాగా లేదంది.

చెవిని నమ్మితే అంతే. నేను పెన్సిల్ తీసి, సర్వనామం దగ్గర మొదలుపెట్టి వెనక్కి బాణం గీస్తాను. దారిలో ముందు ‘గర్ల్స్’ తగులుతుంది. అందరూ అక్కడే దిగిపోతారు. కానీ ‘ఆఫ్’ చాటున కూర్చున్న మాటకు వాక్యం మీద పెత్తనం లేదు. బాణం ‘ఈచ్’ దాకా పోవాలి. అది ఒక్కరే కనుక ‘హాజ్’, ‘హర్’.

పిల్లను తప్పు పట్టలేం. ‘ప్రతి ఒక్కరూ తమ టిఫిన్ తెచ్చుకున్నారు’ అనే కదా మనం అంటాం! ‘ఒక్క’ అంటూనే ‘రు’ తగిలిస్తాం. మరో చిక్కు, తొందరలో అక్కను ‘హీ’ అనేయడం. మనకు ‘తను’ అంటే ఆడా మగా ఇద్దరికీ సరిపోతుంది. వచ్చాడో వచ్చిందో క్రియ చెబుతుంది. ఇంగ్లిష్ క్రియకు ఆ ఊసే లేదు. బరువంతా సర్వనామమే మోయాలి.

తర్వాతి ప్రశ్నకు జవాబు ‘ఎవ్రీవన్ మస్ట్ బ్రింగ్ హిజ్ హాల్ టికెట్’ అని ఉంది. ‘నేనూ రాస్తున్నాగా పరీక్ష, ఈ హిజ్ ఎవరిది?’ అని నిలదీసింది. చట్టం సంగతి చెప్పాను. 1860 నాటి శిక్షాస్మృతి 8వ సెక్షన్ ‘హీ’ అంటే స్త్రీ కూడా అంది. 2023లో వచ్చిన న్యాయ సంహిత అందులో ట్రాన్స్‌జెండర్లనూ చేర్చింది. మాట మాత్రం ‘హీ’యే.

‘దెయిర్’ అంటే పోలా? పోతుంది. ఒక్కరిని ‘దే’ అనడం 1375 నాటి రాతలోనే ఉంది. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు 2019లో దాన్నే ఆ ఏటి మాటగా ఎంచుకుంది. అయినా పాత పద్ధతి ‘కీ’ పట్టుకున్నవాళ్లు మార్కు కోస్తారు. పరీక్షలో ‘హిజ్’ పెట్టు, ఉత్తరంలో ‘దెయిర్’ రాయి అన్నాను. ఈ సలహా నాకే నచ్చలేదు.

‘నువ్వు దిద్దిన కాగితాల్లో ఎన్ని ‘దెయిర్’లు కొట్టేశావు మామయ్యా?’

ముప్పయ్యేళ్ల ఎర్ర సిరా. లెక్క చెప్పలేక, తర్వాతి ప్రశ్న చూడమన్నాను.