ఆంగ్లమున సభాభాష, ఇంటిభాష : పదబంధక్రియలపై ఒక విమర్శ

తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన మనకు భాషావిషయము కేవలము పండితచర్చ కాదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియాయో మరాఠీయో, కచేరీలోను కళాశాలలోను ఆంగ్లము. ఇట్లు దినమునకు మూడు భాషలు మాటాడువారు మనలో పెక్కురు. వీనిలో ఆంగ్లమును గూర్చి మనయందు పాతుకొనిపోయిన ఒక అభిప్రాయమును పరీక్షించుట ఈ వ్యాసోద్దేశము. బరువైన పదము మర్యాద యనియు, తేలికపదము మోటు అనియు మనము నమ్ముచున్నాము. ఈ నమ్మకములో సగమే నిజము. తక్కిన సగమువలన మనకు నష్టము కలుగుచున్నది.

ఆంగ్లమున ఒకే పనికి తరచుగా రెండేసి మాటలు కలవు. వాయిదా వేయుటకు ‘పోస్ట్‌పోన్’ అనవచ్చును, ‘పుట్ ఆఫ్’ అనవచ్చును. సహించుటకు ‘టాలరేట్’, ‘పుట్ అప్ విత్’. దర్యాప్తు చేయుటకు ‘ఇన్వెస్టిగేట్’, ‘లుక్ ఇన్‌టు’. ఈ జంటలలో మొదటివి లాటిను పుట్టుక గలవి. రెండవవి ఇంగ్లీషువారి నాటుమాటలతో అల్లినవి. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప ప్రభువుల కొలువున ఫ్రెంచియు, మఠములందు లాటినును నిలిచినవి. పొలమునను పొయ్యికడను ఇంగ్లీషే మిగిలినది. కావుననే పరభాషాపదములు సభలో కూర్చున్నవి, నాటుమాటలు వసారాలో నిలిచినవి. చిన్న క్రియకు ‘అప్’, ‘ఆఫ్’, ‘అవుట్’ వంటి తోకను చేర్చి క్రొత్త అర్థము పుట్టించు ఈ కూర్పులను ఆంగ్లేయులు ‘ఫ్రేజల్ వెర్బులు’ అందురు. లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో ప్రకటించిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ అను గ్రంథమున ఈ పేరు కనబడుచున్నది. మనము వీనిని పదబంధక్రియ లందము.

ఇవి నీచపదములా? ఆంగ్లమున లాటిను బరువుగల గద్యమునకు పేరుమోసినవాడు డాక్టరు శామ్యూల్ జాన్సన్. ఆయన 1755 నాటి తన నిఘంటువు పీఠికలో ఈ క్రియలను ప్రత్యేకముగ ప్రస్తావించి, పరదేశీయులకు మిక్కిలి కష్టమైనవి ఇవియే యని గుర్తించి, వీనిని శ్రద్ధతో సేకరించితినని చెప్పుకొనెను. ఇంతటి గంభీరరచయిత వీనిని త్రోసివేయలేదు. భాషాసంపదలో భాగముగ లెక్కించెను. న్యాయస్థానముకంటె మర్యాదగల సభ వేరొకటి లేదుగదా! 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దుచేయుటకు వాడిన మాట ‘సెట్ అసైడ్’. అదియు పదబంధక్రియయే. ‘క్యారీ అవుట్’, ‘సెట్ అప్’ అనునవి ప్రభుత్వపత్రములందు నిస్సంకోచముగ తిరుగుచున్నవి. కాబట్టి తోక యున్నంతమాత్రమున మాట మోటు కానేరదు.

ఇక మరియొక కొసనుండి వచ్చిన వాదమును చూతము. జార్జి ఆర్వెల్ 1946లో వ్రాసిన ‘పాలిటిక్స్ అండ్ ది ఇంగ్లీష్ లాంగ్వేజ్’ అను వ్యాసమున, చిన్నమాట చాలినచోట పెద్దమాట వలదని విధించెను. మనవంటివారికి ఇది మంచి మందే. కాని ఒక ఇంట మరణము సంభవించినది. ‘డైడ్’ అనునది మిక్కిలి చిన్నమాట, శుద్ధమైన మాట. అయినను పరామర్శకు పోయినవాడు ‘పాస్డ్ అవే’ అనును. మనమును ‘చచ్చెను’ అనము. ‘పోయినారు’ అందుము, ‘కాలము చేసిరి’ అందుము. ఇచట మర్యాదను నిర్ణయించినది పదము పొడవు కాదు, దాని పుట్టుకయు కాదు, ఎదుటివాని దుఃఖము. నియమములు పాటించిన మాట అనాగరికమగునెడల నియమమునే విడువుమని ఆర్వెలే తన తుదినియమమున చెప్పెను. ఆ తుదినియమమే తక్కినవానికంటె విలువగలదని నా అభిప్రాయము.

మనకు ఈ క్రియలు కొరుకుడుపడకపోవుట వింతయే. తెలుగున ఇట్టివి కొల్లలుగ గలవు. ‘చూచుట’ వేరు, బిడ్డను ‘చూచుకొనుట’ వేరు. ‘కనిపెట్టుట’లో పెట్టుట లేదు. ‘ఎత్తిపొడుచుట’లో ఎత్తుటయు లేదు, పొడుచుటయు లేదు. వీనిని మనమెవ్వరమును పట్టికవ్రాసి వల్లెవేయలేదు. తల్లియొడిలో విని నేర్చితిమి. ఆంగ్లమును మాత్రము మన పెద్దలు చెవితో గాక కంటితో నేర్చిరి. పాఠ్యపుస్తకము, అర్జీ, ఆఫీసు ఉత్తరము: ఇవియే వారికి గురువులు. అందుచేత వారి ఆంగ్లమునకు సభాద్వారము తెరచుకొన్నది, పెరటిద్వారము మూసికొన్నది. ‘కైండ్‌లీ డూ ది నీడ్‌ఫుల్’ అని అధికారికి వ్రాసిన చేతితోనే స్నేహితునికిని వ్రాసిరి. అది అజ్ఞానము కాదు; వేరొక కంఠము వారికి వినబడియుండలేదు.

పుస్తకమునందలి భాషయే భాష యను ఈ భ్రాంతిని మన తెలుగు విషయమున మొదట ప్రశ్నించినవారిలో ముఖ్యుడు మనవంటి ఎల్లప్రాంతమున బ్రదికినవాడే. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండిరి. జనుల నోటి తెలుగునకును పుస్తకముల తెలుగునకును ఇంత దూరమేల యని పాఠశాలల ఇన్‌స్పెక్టరు యేట్సుదొర వేసిన ప్రశ్న, గురజాడవారితోపాటు వారినికూడ ఈ విచారమునకు పురికొల్పినది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినపుడు పంతులుగారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. వారి వాదసారము ఆంగ్లమునకును వర్తించును: శిష్టుల నోట నలిగిన మాటకు పుస్తకమున చోటుండవలెను.

నేటి యువకులు సినిమాలవలనను, చేతిలోని ఫోనువలనను తేలిక ఆంగ్లమును చెవితోనే నేర్చుచున్నారు. సంతోషమే. కాని వారిలో కొందరు స్నేహితునికి వ్రాసినట్లే అధికారికిని వ్రాయుచున్నారు. తాతగారికి ఒకే కంఠము, మనుమనికిని ఒకే కంఠము. కంఠము మారినది, లోపము మారలేదు.

అంతకంటె పెద్ద లోపము మన ఇంట గలదు. మన పిల్లలకు తెలుగు వంటింటి భాషగనే మిగిలినది. అన్నము పెట్టుమనుటకు తెలుగు వచ్చును. సభలో నాలుగు వాక్యములు పలుకుటకును, పెద్దలకొక జాబు వ్రాయుటకును రాదు. ఒక భాషకు సభ లేదు, వేరొక భాషకు ఇల్లు లేదు. రెండంతస్తులలోను తిరుగనివానికి ఏ భాషయు పూర్తిగ స్వాధీనము కానేరదు.

కావున మన సంఘములు నడుపు తెలుగు తరగతులలో ఒక చిన్న అభ్యాసము చేయింపవచ్చును. ఒకే సంగతిని, ప్రయాణము వాయిదాపడినదనియే అనుకొందము, పిల్లవానిచేత నాలుగు జాబులుగ వ్రాయింపుడు: అధికారికొకటి, మేనమామకొకటి, ఆంగ్లమున రెండు, తెలుగున రెండు. ‘పోస్ట్‌పోన్’ ఎచట నిలువవలెనో, ‘పుట్ ఆఫ్’ ఎచట ఒదుగునో వానికే తెలియగలదు. మేనమామకు వ్రాసిన తెలుగు జాబు తప్పక బాగుండును. అధికారికి వ్రాసిన తెలుగు జాబు ఎట్లున్నదో పెద్దలు శ్రద్ధగ చదువవలెను. మన కర్తవ్యము అచటనే ఆరంభమగుచున్నది.