వీసా ఫారంలో పుట్టుమచ్చ

ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. ఆ దీర్ఘకవితను ముస్లిం ఆవేదన అని ఒక్క మాటలో తేల్చేసి పక్కన పెట్టడం మనకు అలవాటైంది. మేం దాన్ని ఒక ప్రభుత్వ దరఖాస్తు పక్కన పెట్టి చదవమంటున్నాం.

భారతదేశం చూడటానికి వచ్చే టూరిస్టు నింపే వీసా ఫారం అది. పేరు, పుట్టిన ఊరు, మతం. ఒంటిమీద పైకి కనిపించే గుర్తులు. అవును, అక్కడా పుట్టుమచ్చ అడుగుతారు! తర్వాత తల్లిదండ్రుల జాతీయత. వాళ్ల పాత జాతీయత కూడా. ఇంకాస్త కిందికి వస్తే, మీ అమ్మానాన్నలు గానీ, వాళ్ల అమ్మానాన్నలు గానీ పాకిస్తానీయులా? అవును, కాదు. రెండే గళ్లు.

తాత కథ చెప్పుకోవడానికి మూడో గడి లేదు. 1948 పోలీసు చర్య తర్వాత హైదరాబాదు నుంచి ఎవరు భయంతో పోయారు, ఎవరు కొలువు ఊడి పోయారు, ఎవరు అన్న వెంట ఊరికే పోయారు, ఫారానికి అక్కర్లేదు. 1948లో పర్మిట్లు వచ్చాయి, 1952లో పాస్‌పోర్టూ వీసా వచ్చాయి. చుట్టపుచూపుగా పోయినవాళ్లు విదేశీయులై మిగిలారు.

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తమ్ముడి ఇల్లు కాప్రాలో, చెరువుకి దగ్గర్లో. అన్న 1950లో కరాచీ పోయాడు. అన్న మనవరాలు చికాగోలో పుట్టింది. కరాచీ మొహం చూడలేదు. చేతిలో అమెరికా పాస్‌పోర్టు. ఆమె పక్కింటి తెల్లపిల్ల తాజ్‌మహల్ చూడాలనుకుంటే 2014లో మొదలైన ఈ-వీసా ఉంది, ఇంట్లో కూచుని తెచ్చుకోవచ్చు. ఈమెకది లేదు. మామూలు వీసాకు దరఖాస్తు పెట్టి ఎదురు చూడాలి. ఓసీఐ కార్డు అసలే రాదు. అక్కడ ముత్తాత దాకా తవ్వుతారు.

వీసా వచ్చిందే అనుకోండి. ఇంటికి విదేశీయుడొస్తే 24 గంటల్లో ప్రభుత్వానికి తెలియజేయాలి. ఇది అందరికీ ఒకటే నియమం. అయితే తెలియజేసే ఇల్లు ఎవరిదన్న దాన్నిబట్టి గుండె దడ మారుతుంది. సెక్యులర్ మిత్రులకు ఈ తేడా చెప్తే నవ్వుతారు. వాళ్ల చిరునామా ఎవరూ రెండోసారి అడిగి ఉండరు.

దేశ భద్రత అంటారా? వచ్చే మనిషిని ఆరా తీయండి, కాదనం. గోరీలో ఉన్న దాదాజాన్‌ని ఎందుకు లేపుతారు?

సరిహద్దు అవతలి వాళ్ల సంగతి ఇంకా ఘోరం. 65 ఏళ్లు దాటినవాళ్లకు అట్టారీలోనే వీసా ఇస్తామని 2012లో రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. 2013 జనవరిలో మొదలు కావలసింది, మొదట్లోనే ఆగింది. 2019 ఆగస్టులో సంఝౌతా రైలు ఆగింది. పహల్గాం హత్యాకాండ తర్వాత, 2025 ఏప్రిల్‌లో, ఉన్న వీసాలూ రద్దయ్యాయి. హంతకులు చేసిన నేరానికి అక్కాచెల్లెళ్లు ముఖాలు చూసుకోలేకపోయారు.

తెలుగు యాత్రా సాహిత్యం సాధారణంగా విమానం దిగాక మొదలవుతుంది. కౌంటరు ముందు నిలబడ్డ గంటలు అందులో ఒక వాక్యానికి మించవు. మా యాత్రలు చాలావరకు ఆ కౌంటరు దగ్గరే అయిపోతాయి. కవితలో మొహియుద్దీన్ ఏ మచ్చ గురించి మాట్లాడాడో విమర్శకులు ఇంకా సందేహపడుతుంటే, ఆ ఫారం తెచ్చి చదవండి. మేం వేసే మరో సంకలనంలో ఆ పేజీని వ్యాఖ్యానం లేకుండా అచ్చు వెయ్యాలని ఉంది.