అచ్చతెలుగు నియమం – భాషాసామర్థ్య పరీక్ష: ఆదిభట్ల రుబాయతు అనువాదం

అర్బన్ ముల్లర్ 1993లో రూపొందించిన ఒక కంప్యూటర్ భాషలో ఆదేశాలు 8 గుర్తులే. తగినంత స్మృతి ఉంటే ఏ గణనకైనా సిద్ధాంతరీత్యా అవి చాలు. అంటే అక్కడ నియమం భాషాసామర్థ్యానికి పరీక్ష. అచ్చతెలుగు రచననూ ఈ దృష్టితో పరిశీలించవచ్చు.

ఉత్తరాంధ్రలోని అజ్జాడలో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) ఉమర్ ఖయ్యాం రుబాయతును సంస్కృతంలోనూ అచ్చతెలుగులోనూ అనువదించారు. తత్సమాలను విడిచినా తాత్త్విక చింతన తెలుగులో పలుకుతుందా అన్నదే ఆ రెండో అనువాదం ఎదుర్కొన్న ప్రశ్న. కనుక దానిని కేవల పాండిత్య ప్రదర్శనగా కొట్టివేయడం తగదు.

అయితే యంత్రానికి గుర్తు చాలు. కావ్యానికి పాఠకుడు కావాలి. వాడుక తప్పిన దేశ్యపదం పాఠకుణ్ణి పదేపదే నిఘంటువు వైపు పంపితే నియమం నెగ్గుతుంది, కవిత్వం కుంటుపడుతుంది. నరసన్నపేట వంటి చోట ఈ పద్యాలను తరగతిలో బోధించేటప్పుడు తూచవలసినది విడిచిన పదాల సంఖ్యను కాదు, మిగిలిన పదాలు మోసిన అర్థాన్ని.