మలివయసు డిలన్, మారిన చెవులు

1970 జూన్‌లో బాబ్ డిలన్ ‘సెల్ఫ్ పోర్ట్రెయిట్’ వెలువడినప్పుడు రోలింగ్ స్టోన్ పత్రికలో గ్రైల్ మార్కస్ రాసిన సమీక్ష ఒక బూతుమాట కలిసిన ప్రశ్నతో మొదలైంది. డిలన్‌ను అంత శ్రద్ధగా వింటూ వచ్చిన విమర్శకుడు అంత మాట అనడం అప్పట్లో చాలామందికి న్యాయంగానే తోచింది. 2013లో ఆ కాలపు రికార్డింగులనే వెలికితీసి ‘అనదర్ సెల్ఫ్ పోర్ట్రెయిట్’ పేరుతో తెచ్చారు. ఆ సంపుటితో పాటు అచ్చయిన వ్యాసం రాసింది ఆ మార్కసే, ఈసారి ఆదరంతో. డిలన్ విషయంలో ఇలాంటి మనసు మార్పులు ఒకటీ రెండూ కావు. దీనికి సాధారణంగా చెప్పే కారణం ఒకటుంది: అభిమానికీ వయసు మళ్లుతుంది, కోపం చల్లారుతుంది, తన కుర్రతనంతో ముడిపడిన గాయకుణ్ణి క్షమించేస్తాడు. ఈ వివరణ చాలదు. క్షమించాలంటే ముందు తప్పు జరిగి ఉండాలి. అభిమానులు మొదట తిరస్కరించిన ఆల్బమ్‌లు చాలావాటిలో ఆయన ఒక సంప్రదాయంలో పాడుతుంటే, శ్రోతలు దాన్ని మరో సంప్రదాయపు కొలతతో కొలిచారు. కొలత మారాకే వాళ్లకు పాట చెవిన పడింది.

‘సెల్ఫ్ పోర్ట్రెయిట్’ సంగతే దగ్గరగా చూద్దాం. 1970 మార్చిలో న్యూయార్క్ స్టూడియోలో డేవిడ్ బ్రోంబర్గ్ గిటార్, అల్ కూపర్ కీబోర్డు తోడుగా డిలన్ పాత జానపదాలు చాలా పాడాడు. నిర్మాత బాబ్ జాన్‌స్టన్ ఆ టేపులను నాష్‌విల్‌కు తీసుకెళ్లి వాటి మీద వయొలిన్ల బృందాన్నీ స్త్రీల కోరస్‌నూ పేర్చాడు. ‘కాపర్ కెటిల్’ పాటను 1970 నాటి రూపంలోనూ, ఆ పేర్పులు తీసేసిన 2013 రూపంలోనూ వరసగా వింటే వ్యవహారమంతా తేటతెల్లమవుతుంది. మొదటిదాంట్లో తీగవాద్యాలు అలలా ఎగసి గొంతును కప్పేస్తాయి. రెండోదాంట్లో గొంతు గదిలో మన పక్కనే ఉంటుంది, ప్రతి పదం చివరా ఊపిరి ఆగే చోటు తెలుస్తుంది. పాడినవాడు ఒకడే, పాడింది ఒక్కసారే. పక్కన పెట్టేసిన ‘ప్రెటీ సారో’ నలభై ఏళ్లు పైగా వెలుగు చూడలేదు. డిలన్ ఇంత మృదువుగా పాడిన సందర్భాలు అరుదు. అంటే అభిమానుల అభిప్రాయం మారడానికి గట్టి ఆధారం దొరికింది. 1970లో వాళ్లు విసుక్కున్నది పాటను కాదు, దాని మీద కప్పిన దుప్పటిని. అప్పట్లో వాళ్ల చేతికి అందింది ఆ దుప్పటే కాబట్టి ఆ విసుగునూ తప్పు పట్టలేం.

డిలన్ క్రైస్తవ భక్తిగీతాలు పాడిన కాలంలో గొడవ ఇంకా పెద్దది. 1979 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కో వార్‌ఫీల్డ్ థియేటర్‌లో పద్నాలుగు రాత్రులు ఆయన ఒక్క పాత పాటా పాడలేదు. అన్నీ కొత్త భక్తిగీతాలే. జనంలో కొందరు గేలి చేశారు, స్థానిక పత్రికలు దులిపేశాయి. తర్వాత వచ్చిన ‘సేవ్‌డ్’ ఆల్బమ్ ఆ కచేరీల వేడిని పట్టుకోలేకపోయింది, కాబట్టి ఇంట్లో రికార్డు మాత్రమే విన్నవాళ్లకు మతప్రచారం తప్ప మరేం వినిపించలేదు. 2017లో ‘ట్రబుల్ నో మోర్’ సంపుటిగా ఆనాటి కచేరీ రికార్డింగులు బయటికొచ్చాయి. జిమ్ కెల్ట్‌నర్ డ్రమ్స్, స్పూనర్ ఓల్డ్‌హామ్ కీబోర్డు, వెనక నల్లజాతి గాయనుల బృందగానం: అమెరికన్ నల్లజాతి చర్చిల్లో పెరిగిన గాస్పెల్ బాణీ అది. అందులో నాయకుడు ఒక మాట అందిస్తే బృందం దాన్ని ఎత్తుకుని రెట్టింపు చేసి తిరిగి అతని మీదికే విసురుతుంది, అతను మరింత పైకి వెళ్లక తప్పదు. డిలన్ జీవితంలో ఇంత ఒళ్లు మరచి పాడిన కాలం మరొకటి లేదంటాను. ఆ విశ్వాసం లేనివాళ్లూ ఆ పాటలకు ఇప్పుడు చెవి ఒగ్గుతున్నారు. వైష్ణవ భక్తిగీతాలైన తిరువాయ్మొళి వినడానికి శ్రీవైష్ణవుడై పుట్టనక్కర్లేదు గదా.

ఇక గొంతు. మలివయసు డిలన్ మీద ఎక్కువ ఫిర్యాదులు దీనిమీదే: బొంగురు, జీర, కప్పకూత. ఆ గొంతు అరిగిపోయిందన్నది నిజం. కానీ మొదటి నుంచీ ఆయన ఏ గొంతు కోసం తపించాడో గుర్తు చేసుకోవాలి. 1962లో వచ్చిన తొలి ఆల్బమ్ రికార్డు చేసేనాటికి ఆయనకు ఇరవయ్యేళ్లు. అందులో చావు గురించిన పాటలే మూడు, అన్నీ పాత బ్లూస్, గాస్పెల్ గాయకులు పాడినవి. ఇరవయ్యేళ్ల కుర్రాడు ముసలివాడి కంఠాన్ని అరువు తెచ్చుకుని పాడాడు. డిలన్ తరం వెతుక్కుంటూ వెళ్లి బ్లూస్ గాయకులు మిసిసిపీ జాన్ హర్ట్‌ను, సన్ హౌస్‌ను వాళ్ల ముసలితనంలో వేదిక ఎక్కించి నెత్తిన పెట్టుకుంది. బ్లూస్‌లో వయసు గాయకుడి ఆస్తి. రాక్ పరిశ్రమకు మాత్రం వయసంటే భయం. ఇరవయ్యేళ్లప్పుడు నటించిన కంఠం అరవయ్యేళ్లకు ఆయనకు నిజంగా దక్కింది. రాక్ అభిమాని దాన్ని నష్టం కింద రాసుకున్నాడు.

ఆ అరిగిన గొంతుతో పని ఎలా జరుగుతుందో చూస్తేగానీ దాని విలువ తెలియదు. సాగదీసి నిలపగల స్వరాలు తగ్గిపోయాయి కాబట్టి ఆయన కాలంతో ఆడతాడు. డ్రమ్ ముందుకు నడుస్తున్నా మాట కాస్త వెనకబడే ఉంటుంది. శ్రోతకు ‘తప్పిపోయాడేమో’ అనిపించే క్షణంలో మిగిలిన పదాలన్నీ ఒక్క ఊపిరిలో దించేసి సరిగ్గా ముక్తాయింపు దగ్గర కలుస్తాడు. ఒక పదాన్ని సగం మాటగా, సగం పాటగా వదిలేస్తాడు. కర్ణాటక సంగీత విద్వాంసుడు సెమ్మంగుడి శ్రీనివాసయ్యర్ కచేరీలకు వెళ్లిన రసికులకు ఇది వింతగా ఉండదు: శారీరం ఏనాడూ తియ్యనిది కాకపోయినా, ముదిమిలోనూ ఆయన సంగతులు వేసే తీరు కోసం జనం వెళ్లేవారు. 1997లో ‘టైమ్ అవుట్ ఆఫ్ మైండ్’ ఈ పద్ధతికి పెద్ద గుర్తింపు తెచ్చింది, మరుసటి ఏడాది ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ అందుకుంది. 1997 మే నెలలో ఆయన గుండె పొరకు ఇన్‌ఫెక్షన్ సోకి ఆసుపత్రి పాలవడంతో, మృత్యువు అంచున రాసిన పాటలని చాలామంది అనుకున్నారు. నిజానికి మయామీలో వాటిని రికార్డు చేసింది అంతకుముందు జనవరిలోనే. నిర్మాత డేనియల్ లాన్వా తెచ్చిన, పొగమంచు అలుముకున్నట్టుండే ధ్వని డిలన్‌కు నచ్చలేదు. తర్వాతి ఆల్బమ్ నుంచి జాక్ ఫ్రాస్ట్ అనే మారుపేరుతో తానే నిర్మాతగా వ్యవహరించాడు. 2023లో ఆ మంచును పలచన చేసిన కొత్త మిక్స్ వచ్చింది. పాతదే బాగుందనే అభిమానులూ ఉన్నారు. ‘నాట్ డార్క్ యెట్’ విషయంలో వాళ్లతో ఏకీభవిస్తాను; ఆ నెమ్మది నడకకు ఆ మసక అవసరం.

అభిమానుల ఓపికను అన్నిటికన్నా ఎక్కువ పరీక్షించినవి 2015 నుంచి 2017 దాకా వచ్చిన పాత ప్రణయగీతాల ఆల్బమ్‌లు. ‘షాడోస్ ఇన్ ద నైట్’, ‘ఫాలెన్ ఏంజెల్స్’, మూడు డిస్కుల ‘ట్రిప్లికేట్’ కలిపి 52 పాటలు, దాదాపు అన్నీ ఫ్రాంక్ సినాట్రా లోగడ పాడినవే. సొంత పాట ఒక్కటీ లేదు. పాటల రచయితగా 2016 నోబెల్ పొందిన మనిషి ఇతరుల పాటలు పాడుతూ కూర్చున్నాడని కొందరు గొణిగారు. ఆ ఆల్బమ్‌లలో మొదటిదాన్ని లాస్ ఏంజెలెస్‌లోని క్యాపిటల్ స్టూడియోలో, చిన్న బృందంతో, హెడ్‌ఫోన్లు లేకుండా, అందరూ ఒకే గదిలో కూర్చుని రికార్డు చేశారు. సినాట్రా వెనక వయొలిన్ల బృందం చేసే పనిని ఇక్కడ ఒక్క పెడల్ స్టీల్ గిటార్ చేస్తుంది. అలాంటి నిశ్శబ్దంలో గాయకుడు దాక్కోవడానికి చోటుండదు. స్వరాన్ని పట్టుకోవాలి, నిలపాలి, మెల్లగా వదలాలి. ఆ సాధన ఫలం 2020లో ‘రఫ్ అండ్ రౌడీ వేస్’గా వచ్చింది. అప్పటికి ఆయనకు 79 ఏళ్లు. 2012 నాటి ‘టెంపెస్ట్’లో గరగరలాడిన గొంతు ఇందులో మెత్తబడింది, స్పష్టమైంది. కెనడీ హత్య మీద దాదాపు పదిహేడు నిమిషాలు సాగే ‘మర్డర్ మోస్ట్ ఫౌల్’లో తాళం దాదాపు మాయమై, పియానో మీద మాట తేలుతూ పోతుంది. సినాట్రా పాటలతో ఐదు డిస్కులు గడపని గొంతుకు అది సాధ్యమయ్యేది కాదు. అందుకే ఆ ఆల్బమ్ విన్న చాలామంది వెనక్కి వెళ్లి, అటక మీద పెట్టేసిన ప్రణయగీతాలను మళ్లీ బయటికి తీశారు.

దీనికొక గట్టి ఆక్షేపణ ఉంది. డిలన్ భక్తులు ఏదైనా సమర్థిస్తారు, కొన్నేళ్లు ఆగితే ప్రతి చెత్తకూ ఒక సిద్ధాంతం పుట్టిస్తారు అని. అదే నిజమైతే 1988 నాటి ‘డౌన్ ఇన్ ద గ్రూవ్’ కూడా ఈపాటికి గుడికెక్కాలి. ఎక్కలేదు. 1986 నాటి ‘నాక్‌డ్ అవుట్ లోడెడ్’లో శామ్ షెపర్డ్‌తో కలిసి రాసిన ‘బ్రౌన్స్‌విల్ గర్ల్’ ఒక్కటే గౌరవం నిలుపుకుంది, మిగతా ఆల్బమ్‌ను అభిమానులే పక్కన పెట్టారు. పైగా ఒక్కోసారి అభిమానుల చెవి డిలన్ చెవి కన్నా నిక్కచ్చిగా ఉంది. 1983లో ‘ఇన్‌ఫిడెల్స్’ కోసం రికార్డు చేసి ఆయనే తీసేసిన ‘బ్లైండ్ విలీ మెక్‌టెల్’ గొప్పతనాన్ని దొంగ టేపుల మీద గుర్తించింది వాళ్లే. అధికారికంగా అది 1991లో గానీ రాలేదు.

ఇతరుల రాతల్లోని మాటలను పేరు చెప్పకుండా వాడుకున్నాడనే మరో ఆక్షేపణకు మాత్రం పూర్తి సమాధానం లేదు. 2001 నాటి ‘లవ్ అండ్ థెఫ్ట్’లో జపాన్ రచయిత జునిచి సాగా పుస్తకం నుంచి, 2006 నాటి ‘మోడర్న్ టైమ్స్’లో పందొమ్మిదో శతాబ్దపు కవి హెన్రీ టిమ్‌రాడ్ నుంచి వాక్యఖండాలు దొరికాయి. బ్లూస్‌లో ఒకరి చరణం ఇంకొకరి పాటలో తేలడం మామూలే, ఆ సంప్రదాయం బతికిందే అలా. అయినా బ్లూస్ గాయకుల చరణాలు ఊరుమ్మడి సొత్తు, పుస్తకం రాసినవాడికి పేరుంది. ఆ పేరు చెప్పి ఉంటే పాటకు వచ్చే లోటు ఏమీ లేదు. 1993లో ‘వరల్డ్ గాన్ రాంగ్’తో పాటు వేసిన నోట్‌లో ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఆయనే వివరంగా రాశాడు, కాబట్టి చేతకాక మానేసిన పని కాదిది. ఈ అసంతృప్తి మిగిలినా ఆ రెండు ఆల్బమ్‌లూ నిలిచాయంటే, అతికిన ముక్కల వల్ల కాదు, వాటిని కొత్త చోట కూర్చిన నేర్పు వల్ల, వాటికి కంఠం అద్దిన బరువు వల్ల.

2021 చివర్లో మొదలైన కచేరీ యాత్రలో డిలన్ ‘రఫ్ అండ్ రౌడీ వేస్’ పాటలు దాదాపు అన్నీ రాత్రి తర్వాత రాత్రి పాడాడు, అరవైల నాటి పెద్ద హిట్లను చాలావరకు పక్కన పెట్టాడు. వార్‌ఫీల్డ్‌లో 1979లో చేసిన పనీ ఇలాంటిదే. పాతవి వినాలని వచ్చి నొచ్చుకున్నవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. కానీ ఈసారి కొత్త పాటల కోసమే టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లూ ఉన్నారు.